ఆవిడ అడుగులు

ఆ సెలూన్ యజమానికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. వీధిలో మాత్రం అందరూ కత్తెర అనే పిలుస్తారు. సొంత అక్క కూడా అంతే. పిలిస్తే పలుకుతాడన్న నమ్మకం మాత్రం పెట్టుకోకూడదు, ముఖ్యంగా సాయంత్రం అయిదున్నర దాటాక. ఆ వేళకి ఎదురు మేడ మీది డాన్సు హాల్లో దీపాలు వెలుగుతాయి. పొడవాటి కిటికీల్లో జంటలు కదలడం మొదలవుతుంది. ఆ కిటికీలన్నీ వీధి దాటి వచ్చి కత్తెర అద్దంలో పడతాయి. ఇక అతను ఈ లోకంలో ఉండడు. అతని చెయ్యి మాత్రం ఉంటుంది, పాపం, దాని పని అది చేసుకుపోతుంటుంది.

చిత్రమేమిటంటే ఆ వేళలో చేసిన క్షవరాలే బాగా కుదిరేవి. వేడి తువ్వాలు ఆవిరి, సబ్బు వాసన, వీధికి అవతల నుంచి సన్నగా వినిపించే పాట, ఆ పాటకి తగ్గట్టు ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు అని నడిచే కత్తెర. కుర్చీలో కూర్చున్నవాడు రెండు నిమిషాల్లో కునుకు తీసేవాడు. కబుర్లు కావలసినవాళ్ళు పొద్దున రావాలని, నిద్ర కావలసినవాళ్ళు సాయంత్రం రావాలని ఆ పేటలో ఒక ఏర్పాటు జరిగిపోయింది. పక్క కుర్చీలో ఆడవాళ్ళకి జుట్టు కడిగి ఆరబెట్టే అక్క మాత్రం తమ్ముణ్ణి చూసి తల కొట్టుకునేది. వీడికి మతి పోయింది, మతి పోయినా చెయ్యి పోలేదు కాబట్టి మన పొయ్యిలో పిల్లి పడుకోలేదు అని బావ దగ్గర రోజూ చెప్పేది.

మతి పోవడానికి కారణం పోస్టాఫీసు ఆవిడ. పగలు రెండో నంబరు కౌంటర్లో కూర్చుని, జుట్టులో పెన్సిలు దోపుకుని, ఉత్తరాల మీద టపటపా ముద్రలు గుద్దే మనిషి. సాయంత్రం అయిదున్నరకి ఆ హాల్లో, ముదురు నీలం గౌనులో, నేల మీద కాలు ఆనుతోందా లేదా అన్నట్టు తేలుతూ పోయే మనిషి. ఈ ఇద్దరూ ఒకరేనని కత్తెరకి మొదట్లో నమ్మకం కుదరలేదు. నిర్ధారణ చేసుకుందామని వెళ్ళి స్టాంపులు కొన్నాడు. ఆ తరవాత ప్రతి వారం వెళ్ళి నిర్ధారణ చేసుకుంటూనే ఉన్నాడు. ఒక్క ఉత్తరమైనా రాయని మనిషి ఇంట్లో డ్రాయరు నిండా స్టాంపులు. ఇంకేమైనా కావాలా అండీ అని ఆవిడ అడిగేది, వద్దండీ అని ఇతను చెప్పేవాడు. నాలుగేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య నడిచిన మాటలన్నీ కలిపితే అంతే. సిగ్గు లేకపోతే సరి, నాలుగేళ్ళు.

ఆవిడ జోడీ పళ్ళ డాక్టరు గారు. మనిషి నిటారు, చొక్కా మీద మడత ఉండదు, ముక్కు మీద కోపం ఉంటుంది. ప్రతి ఏడూ నగరంలో జరిగే, మూడు లెక్కకి జంటగా తిరుగుతూ చేసే వాల్ట్జ్ డాన్సు పోటీలో ఇద్దరూ దిగేవారు, ప్రతి ఏడూ సెమీఫైనల్లో ఆగిపోయేవారు. ఆగిపోయిన ప్రతిసారీ తప్పు ఆవిడదేనని డాక్టరు గారు కుర్చీలో కూర్చుని కత్తెరకి వివరంగా చెప్పేవారు. కత్తెర నోరు మెదిపేవాడు కాడు. చేతిలో మంగలికత్తి ఉన్నప్పుడు వాదన పెట్టుకోకూడదన్నది అతని పాలసీ.

ఈ ఏడు సంగతి వేరు. ఆ పోటీ ముప్పై అయిదేళ్ళ లోపు వాళ్ళకే. అది దాటితే గ్యాలరీలో కుర్చీ ఇస్తారు, చప్పట్లు కొట్టుకోవచ్చు. పోస్టాఫీసు ఆవిడకి ముప్పై నాలుగు నిండి ఎనిమిది నెలలు. ఒక్కసారి ఫైనల్ ఫ్లోర్ మీద నిలబడాలి, గెలవక్కర్లేదు, నిలబడితే చాలు అని కత్తెర అక్క దగ్గర జుట్టు కడిగించుకుంటూ చెప్పింది. సరిగ్గా పోటీకి ఆరు వారాల ముందు పళ్ళ డాక్టరు ఆవిణ్ణి వదిలేసి ఇంకో జోడీని చూసుకున్నాడు. ఎందుకని అడిగితే, ఆ కొత్తావిడ మెడ పొడుగు, బాల్‌రూమ్ డాన్సుకి మెడ ముఖ్యం అన్నాడట. ఈ మాట కూడా ఆవిడ బేసిన్‌లో తల వాల్చి, కళ్ళు మూసుకుని, చాలా మామూలుగా చెప్పింది. నీళ్ళు కళ్ళలోంచి వచ్చాయో కుళాయిలోంచి వచ్చాయో తనకి తెలియలేదని అక్క తరవాత అంది.

ఆవిడ వెళ్ళగానే అక్క తమ్ముడి వైపు తిరిగింది. నాలుగేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నావు కదా, అడుగు ఒక్కటైనా వచ్చా అని అడిగింది. అన్నీ వచ్చు అన్నాడు కత్తెర. రోజూ దుకాణం మూశాక, నేల ఊడ్చాక, చీపురు పట్టుకుని వేసుకునేవాణ్ణి అన్నాడు. అక్క చేతిలోని తువ్వాలు కింద పడింది. అయితే ఇక్కడేం చేస్తున్నావురా, పైకి పో అంది.

పైకి వెళ్ళడానికి ముప్పై రెండు మెట్లు. ప్రతి మెట్టు మీదా వెనక్కి తిరుగుదామనుకున్నాడు. తలుపు తీసేసరికి లోపల మైనం పూసిన చెక్క నేల, మూల ఒక పాత రికార్డు ప్లేయరు, గోడ పొడుగునా బెంచీలు, బెంచీల మీద అమ్మాయిలు. అతను నాలుగేళ్ళుగా చూస్తున్న హాలే, కానీ లోపల దీపాల రంగు ఇంకా పసుపుగా ఉంది, పాట ఇంకా దగ్గరగా ఉంది. నిద్రలో ఎప్పుడూ వెళ్ళే ఇంటికి మెలకువలో వెళ్ళినట్టు అనిపించి కాసేపు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

టీచరమ్మ చేతికర్రతో నేల మీద టకటకా కొట్టింది. డెబ్బై ఏళ్ళ మనిషి, మోకాలు ఒకటి వంగదు, చూపు మాత్రం సూదిలా ఉంటుంది. ఏం కావాలంది. నాకు వాల్ట్జ్ వచ్చండీ, ఆవిడకి జోడీ లేరని విన్నాను అని గడగడా అప్పచెప్పేశాడు కత్తెర. అమ్మాయిలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పోస్టాఫీసు ఆవిడ లేచి వచ్చింది. స్టాంపులాయన కదూ అంది. అవునన్నాడు. ఆవిడ చెయ్యి చాపింది.

ఒక సంగతి ముందే చెప్పేయాలి. మీరూ నేనూ అనుకుంటాం, అద్దంలో చూసి నేర్చుకున్నాడు కాబట్టి కుడి ఎడమలు తారుమారై ఉంటాయని. లేదు. పదహారో ఏట నుంచి అద్దంలో చూసి జుట్టు కత్తిరించే మనిషికి ఆ పొరపాటు రాదు. అతను పప్పులో కాలేసింది ఇంకోచోట.

టీచరమ్మ లెక్క మొదలుపెట్టి ఒకటి అంది. వాల్ట్జ్‌లో మగవాడు ముందుకు అడుగు వేస్తాడు, ఆడమనిషి వెనక్కి వేస్తుంది. ఆవిడ వెనక్కి వేసింది. కత్తెర కూడా వెనక్కి వేశాడు. మధ్యలో చేతులు సాగి, ఇద్దరూ దుప్పటి మడత పెట్టేవాళ్ళలా నిలబడ్డారు. కంగారు పడ్డాడనుకుని మళ్ళీ లెక్కపెట్టింది టీచరమ్మ. మళ్ళీ దుప్పటే. బెంచీల మీద నవ్వులు మొదలయ్యాయి. కత్తెర చెవులు ఎర్రబడ్డాయి. ఆవిణ్ణి పక్కకి జరగమని, నువ్వొక్కడివే వేసి చూపించు బాబూ అంది టీచరమ్మ.

అతను కళ్ళు మూసుకున్నాడు. అలా అయితేనే వస్తుంది. చేతులు గాలిలో పెట్టుకుని వెనక్కి ఒక అడుగు, పక్కకి ఒక అడుగు, దగ్గరకి ఒక అడుగు, మళ్ళీ తిరిగి, తల ఎడమ వైపు వాల్చి, హాలు ఆ చివరి దాకా తేలుతూ పోయాడు. ఒక్క అడుగు తప్పలేదు. తిరిగే ముందు ఎడమ భుజం రవ్వంత పైకి లేచింది. మూల మలుపు దగ్గర మళ్ళీ లేచింది. నవ్వులు వాటంతటవే ఆగిపోయాయి. పాట అయ్యాక అతను కళ్ళు తెరిచేసరికి టీచరమ్మ కర్ర మీద రెండు చేతులూ ఆనించి చూస్తోంది.

"ఆ భుజం ఈ అమ్మాయిది," అంది. "నాలుగేళ్ళుగా మాన్పించలేక చస్తున్నాను. బాబూ, నిజం చెప్పు. ఆ డాక్టరు కాళ్ళు ఎప్పుడైనా ఒక్కసారి చూశావా?"

కత్తెర నిజాయితీగా ఆలోచించాడు. "ఆయన ఉండేవారని గుర్తేనండీ," అన్నాడు. "కాళ్ళు చూడలేదు."

నాలుగేళ్ళ రహస్యం అలా నలుగురి ముందూ నేల మీద పరిచేసినట్టయింది. పోస్టాఫీసు ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి కిందికి చూసింది. వీధికి అవతల ఖాళీ కుర్చీ, దాని ఎదురుగా అద్దం, పక్కన తువ్వాలు ఆరేస్తూ ఇటే చూస్తున్న అక్క. కత్తెర ఇక మెట్లు దిగిపోదామని తలుపు వైపు నడిచాడు. ఆరు వారాలున్నాయి కదండీ, అడ్రసు తప్పిన ఉత్తరాలే తిరిగొస్తాయి, కాళ్ళని దారికి తెచ్చుకోలేమా అని వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

అలా మొదలైంది. ఇంట్లో బావ సాయం పట్టాడు. బావ బస్సు డ్రైవరు, పక్కకి తిరిగితే గానీ తలుపులో పట్టని మనిషి. వంటింట్లో బల్ల జరిపి, అక్క గరిటెతో లెక్క కొడుతుంటే, బావ ఆడవేషం కట్టి వెనక్కి నడిచేవాడు. బండి వెనక్కి తీయడం తప్ప తను జీవితంలో వెనక్కి నడిచింది లేదని, బావమరిది కోసం ఆ పని కూడా చేస్తున్నానని ప్రతి మూడడుగులకీ గుర్తు చేసేవాడు. కత్తెర ముందుకు నడవడం నేర్చుకున్నాడు. కానీ నిండు బకెట్టు మోసుకెళ్ళేవాడి నడక అది. ఎక్కడ తొణుకుతుందో అన్నట్టు చూపు కిందికి, మెడ లోపలికి. హాల్లో టీచరమ్మ కర్ర రోజుకి వంద సార్లు నేలని తాకేది.

ఆ ఆరు వారాల్లో కొన్ని నిమిషాలు మాత్రం వేరుగా ఉండేవి. ఆ హాల్లో మగవాళ్ళకి ఎప్పుడూ కరువే. కొత్తగా వచ్చే అమ్మాయిలకి మగవాడి అడుగులు వేసి నేర్పించేది పోస్టాఫీసు ఆవిడే. కాబట్టి కత్తెర ఎక్కడైనా ఇరుక్కుపోతే, ఇలా అండీ అని ఆవిడే మగవాడి చోట నిలబడి చూపించేది. అప్పుడు అతని కాళ్ళకి ప్రాణం లేచొచ్చేది. ఆవిడ ముందుకు, అతను వెనక్కి. కిటికీల్లోంచి సాయంకాలపు వెలుగు నేల మీద పొడవుగా పడి ఉండేది, ఆ వెలుగులోంచి నీడలోకి, నీడలోంచి వెలుగులోకి ఇద్దరూ మాటా పలుకూ లేకుండా పోతుండేవారు. వీధి లేదు, పోటీ లేదు, టీచరమ్మ లేదు. ఆవిడ జుట్టులోంచి పొద్దుటి పెన్సిలు తీయడం మరిచిపోయి ఉండేది, అది చూసి అతనికి ఎందుకో కళ్ళు చెమర్చేవి. అంతలో టీచరమ్మ కర్ర మోగేది. పోటీకి పనికొచ్చేది చెయ్యండి, ఆటలు తరవాత అనేది.

చూడబోతే అంతా ఆవిడకి తెలుసు. మొదటి రోజే తెలిసింది. అతను నోరు విప్పి ఒక్క మాట అంటాడేమోనని ఆవిడ ఎదురుచూస్తోందని అక్కకి తెలుసు, బావకి తెలుసు, బెంచీల మీది అమ్మాయిలకి తెలుసు. తెలియనివాడు ఒక్కడే. పోటీ అయిపోతే తన పని అయిపోతుందని, మళ్ళీ స్టాంపులు కొనుక్కోవడమే మిగులుతుందని అతను లోలోపల కుమిలిపోయేవాడు.

పోటీకి ఆరు రోజుల ముందు, సాయంత్రం, పళ్ళ డాక్టరు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆ పొడుగు మెడావిడ ఇంకా పొడుగాటి మనిషిని చూసుకుని వెళ్ళిపోయిందట. కత్తెర సబ్బు నురగ రాస్తుంటే, నురగ లోంచే డాక్టరు అసలు విషయం చెప్పాడు.

"చూడవయ్యా, నీతో అయితే ఆవిడ మొదటి రౌండు దాటదు. అది నీకూ తెలుసు. నాతో అయితే ఈసారి ఫైనల్ ఖాయం. పోటీ రోజు పొద్దుటి దాకా జోడీ మార్చుకోవచ్చు. నేను రెడీ అని ఆవిడతో చెప్పు."

కత్తెర రాసిన చోటే నురగ ఇంకోసారి రాశాడు. డాక్టరు చెప్పింది అబద్ధమైతే బాగుండేది. కానీ నిజమే. తను బకెట్టు మోసే మనిషి. తనతో దిగితే ఆవిడ ఆఖరి ఏడు మొదటి రౌండులోనే ముగుస్తుంది. ఈ ముక్క వెళ్ళి చెప్పేస్తే ఆవిడ ఫైనల్ ఫ్లోర్ మీద నిలబడుతుంది, తను గ్యాలరీలో కూర్చుంటాడు. చెప్తానండీ అన్నాడు. చెప్పలేదు. ఆ సాయంత్రం చెప్పలేదు, మర్నాడు చెప్పలేదు. పదిహేనేళ్ళ పనిలో మొదటిసారి, డాక్టరు గారి చెంపల మీది జుట్టు ఒకవైపు పొడవుగా, ఒకవైపు పొట్టిగా దిగింది. ఆ సంగతి ఆయన అద్దంలో చూసుకోకుండా వెళ్ళిపోవడం అదృష్టం.

ఆరు రోజులూ కత్తెరకి అన్నం సయించలేదు. నిద్రలో కూడా అడుగులు తప్పాయి. తను చేస్తున్నది దొంగతనమని అతనికి తెలుసు. ఆవిడ ఎదురుగా నిలబడి చెయ్యి పట్టుకున్నప్పుడల్లా నాలిక చివరి దాకా వచ్చేది, మళ్ళీ లోపలికి పోయేది. ప్రేమ మనిషిని మంచివాణ్ణి చేస్తుందని ఎవరన్నారో గానీ, ఆ వారం కత్తెరని చూసి ఉండరు. ఆవిడ కూడా ఆ వారమంతా అదోలా ఉంది. మధ్యమధ్యలో ఆగి, ఏమైనా చెప్పాలా అండీ అని రెండుసార్లు అడిగింది. ఏం లేదండీ అన్నాడు.

పోటీ రోజు రానే వచ్చింది. పెద్ద ఇండోర్ స్టేడియం హాలు, నేల అద్దంలా మెరిసిపోతోంది, నడవా అంతా హెయిర్ స్ప్రే వాసన, గౌన్ల గరగరలు. అక్క పొద్దున్నే వచ్చి ఆవిడకి జుట్టు ముడి వేసి, ఊడితే నన్నడుగు అని గ్యాలరీలోకి పోయింది. అక్కడే మూడో వరుసలో పళ్ళ డాక్టరు కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో డాన్సు బూట్ల సంచి. ఆ సంచి చూసేసరికి కత్తెర పై ప్రాణాలు పైనే పోయాయి. జోడీ మార్చుకునే గడువుకి ఇంకా పావుగంట ఉంది. అతను ఆవిణ్ణి నడవాలో ఒక పక్కకి తీసుకెళ్ళాడు.

"నేనొక తప్పు చేశానండీ," అన్నాడు. "డాక్టరు గారు మీతో చేస్తానన్నారు. ఆరు రోజులైంది. నాతో చెప్పమన్నారు. నేను చెప్పలేదు. మీరు వెళ్ళిపోతారని భయమేసింది. ఆయన పైనే ఉన్నారు, బూట్లు కూడా తెచ్చుకున్నారు. ఇప్పటికైనా వెళ్ళండి. నాతో అయితే మీకు ఫైనల్ రాదు."

ఆవిడ గోడకి ఆనుకుని అతని మొహంలోకి చూసింది. కోపం వచ్చింది, అది దాచుకోలేదు.

"ఆయన మర్నాడే పోస్టాఫీసుకొచ్చాడు," అంది. "ఒక చెంప మీద జుట్టు పొట్టిగా ఉంది. అప్పుడే అనుకున్నా, ముందు మీ దగ్గరికొచ్చి ఉంటాడని. ఆ రోజే వద్దని చెప్పి పంపించేశా, అయినా ఆశ చావక వచ్చినట్టున్నాడు. నాలుగేళ్ళు చేసి ఆయన నా అడుగు ఒక్కటి చెప్పలేడు. ఆయనతో వచ్చే ఫైనల్ నాకొద్దు. కానీ మీరు చెప్తారా లేదా అని అయిదు రోజులు చూశాను. ఇవాళ కూడా చెప్పకుండా ఫ్లోర్ మీదికొస్తే నేను ఇంటికి పోయేదాన్ని."

కత్తెర క్షమించమని అడగబోయాడు. లోపల నుంచి జంటల నంబర్లు పిలవడం మొదలైంది. తిట్లు తరవాత తిడతాను, పదండి అని ఆవిడ అతని మోచెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

మొదటి రౌండు. ఫ్లోర్ మీద పన్నెండు జంటలు, చుట్టూ పలకలు పట్టుకున్న జడ్జీలు. పాట మొదలైంది, కత్తెర ముందుకు అడుగు వేశాడు. బకెట్టు నడకే. రెండో మలుపులో పక్క జంటకి భుజం తగిలింది. మూడో మలుపులో ఆవిడ కాలు తొక్కాడు. నాలుగో మలుపు దగ్గర కాళ్ళు మొత్తానికే ఆగిపోయాయి. ఎదురుగా ఆవిడ ఆఖరి ఏడు కరిగిపోతుంటే చూస్తూ నిలబడ్డాడు, చెమటలు కారిపోతున్నాయి, ముందుకి ఏ కాలు వేయాలో గుర్తు లేదు. గ్యాలరీలో అక్క మొహం రెండు చేతుల్లో దాచుకుంది.

ఆవిడ అతనికి దగ్గరగా జరిగింది. "చెయ్యి మార్చు," అంది చెవిలో. "నా అడుగులు నువ్వు వెయ్. మగవాడి అడుగులు నేను వేస్తా."

నువ్వు అంది. ఫ్లోర్ మీద, పన్నెండు జంటల మధ్య, మొట్టమొదటిసారి. ఆవిడ కుడిచెయ్యి అతని వీపు మీదికి వెళ్ళింది, అతని ఎడమచెయ్యి ఆవిడ భుజం మీదికి వచ్చింది. అతను కళ్ళు మూసుకున్నాడు. వెనక్కి ఒక అడుగు వేశాడు.

ఆ తరవాత జరిగింది చూసినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. టీచరమ్మ కర్ర కొట్టడం మానేసిందని బావ చెప్పాడు. అటూ ఇటూ తిరిగే జంటల మధ్య నుంచి ఆ ఇద్దరూ ఎవరికీ తగలకుండా, నీళ్ళ మీద ఆకు జారినట్టు పోతుంటే హాలంతా సద్దుమణిగిందని అక్క చెప్పింది. కత్తెరకి మాత్రం గుర్తున్నది ఆవిడ ఊపిరి, వీపు మీద ఆవిడ చెయ్యి, ఆ చెయ్యి ఎటు చెప్తే అటు తెరుచుకుంటున్న చోటు. ఎక్కడికి వెళ్తున్నాడో చూడాల్సిన అవసరం లేదు. ఆవిడ చూస్తోంది. ఇంతకాలం ఆవిడ ఇలా కళ్ళు మూసుకుని ఎవరిని నమ్మిందో, ఎంత భయపడి ఉంటుందో అని మాత్రం ఒక క్షణం అనిపించింది. తిరిగే ముందు ఇద్దరి ఎడమ భుజాలూ కలిసి ఒకేసారి పైకి లేచాయి.

మొదటి రౌండు దాటారు. ఎలా దాటారని అడక్కండి, జడ్జీలనే అడగండి. సెమీఫైనల్ మొదటి నుంచీ అలాగే చేశారు. ఫైనల్‌కి ఆరు జంటల నంబర్లు చదువుతుంటే, అయిదోది చదివాక పోస్టాఫీసు ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆరోది వాళ్ళదే. ఆవిడ కూర్చున్న చోటే కూర్చుని రెండు అరచేతులూ మొహానికి కప్పుకుంది. కత్తెర ఏం చెయ్యాలో తెలియక నీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

అంతలో పెద్ద జడ్జి వచ్చింది. కళ్ళజోడు ముక్కు చివరన పెట్టుకున్న ఆవిడ, చేతిలో రూల్సు పుస్తకం. జంటలో ఎవరు నడిపించాలో రూల్సులో లేదట. కానీ నడిపించేవాళ్ళ వీపు మీదే నంబరు ఉండాలని మాత్రం స్పష్టంగా ఉందట. మీ ఇద్దరిలో నడిపించేది ఎవరని అడిగింది. పోస్టాఫీసు ఆవిడ చెయ్యి ఎత్తింది. అయితే రెండు నిమిషాల్లో నంబరు మార్చుకోండి, లేకపోతే తీసేస్తాను అని వెళ్ళిపోయింది.

పోస్టాఫీసు ఆవిడే కత్తెర కోటు మీది కాగితం విప్పి, నాలుగు పిన్నులూ అతని చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి నిలబడింది. అతను కాగితం ఆవిడ వీపుకి ఆనించాడు. మొదటి పిన్ను పెట్టాడు. రెండోది పెట్టాడు. మూడోది పెట్టాడు. నాలుగోది దిగలేదు. నిద్రపోయేవాడి గొంతు మీద కూడా తడబడకుండా కత్తి నడిపిన చేతికి ఒక్క పిన్ను లొంగనంది. ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడాలంటే వాళ్ళ వెనక నిలబడితే తప్ప రాని మనిషి అతను. ఇప్పుడు ఆవిడ వెనకే ఉన్నాడు.

"ఇవాళ్టితో పోటీ అయిపోతుంది," అన్నాడు. "ఫైనల్లో మనం గెలవం. గెలవకపోయినా నాతో ఉంటావా? రేపు, ఎల్లుండి, ఆ తరవాత కూడా. నువ్వంటే నాకు ప్రాణం. చెప్పడం రాక ఇన్నాళ్ళు చెప్పలేదు."

లోపల జంటలని పిలుస్తున్నారు. ఒకటో జంట, రెండో జంట.

"వెనక నుంచి కాదు," అంది ఆవిడ. "ముందుకొచ్చి అడుగు."

కత్తెర నాలుగో పిన్ను చేతిలోనే పెట్టుకుని, చుట్టూ తిరిగి, ఆరు వారాలుగా టీచరమ్మ నేర్పలేకపోయిన మూడు అడుగులు ముందుకు వేసి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు. ఆవిడ కళ్ళలోకి చూశాడు. మళ్ళీ మొత్తం అడిగాడు, ఒక్క ముక్క వదలకుండా.

"ఉంటా," అంది ఆవిడ, నవ్వుతూ, ఏడుస్తూ. "ఆ పిన్ను పెట్టు. పిలుస్తున్నారు."

ఆరు జంటల్లో వాళ్ళకి ఆరో స్థానం వచ్చింది. ఆ సంగతి సాయంత్రం అక్క చెప్తే గానీ ఇద్దరికీ తెలియలేదు.